480 హాల్‌టికెట్లు, ఒక వర్డ్ మాక్రో: బ్యాచ్ ప్రింటింగ్ ఎలా చేయాలి

పరీక్షల ముందు రోజు సాయంత్రం తిరుపతి యూనివర్సిటీ రోడ్డులోనో, బాలాజీ కాలనీలోనో ఉన్న ఏ జెరాక్స్ అంగడికైనా వెళ్లి చూడండి. పెన్‌డ్రైవ్‌లో వందల వర్డ్ ఫైళ్లు, విద్యార్థికొకటి. కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు ఒక ఫైల్ తెరుస్తాడు, కంట్రోల్ పీ కొడతాడు, ఎంటర్ నొక్కుతాడు, మూసి ఇంకోటి తెరుస్తాడు. ఒక్కో ఫైల్‌కు 15 సెకన్లు పట్టినా 480 ఫైళ్లకు సరిగ్గా రెండు గంటలు. మధ్యలో ఎవరో వచ్చి ఆధార్ జెరాక్స్ అడుగుతారు. తిరిగి కూర్చునేసరికి 213 అయిందా 214 అయిందా గుర్తుండదు.

విండోస్‌లోనే ఒక దగ్గరి దారి ఉంది. ఫోల్డర్‌లో ఫైళ్లను సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ మీద ప్రింట్ అనవచ్చు. కానీ 15 ఫైళ్లు దాటి సెలెక్ట్ చేస్తే ఆ మెనూలో ప్రింట్ అన్న మాటే కనిపించదు. పైగా కాగితాలు మీరు అనుకున్న వరుసలోనే పడతాయన్న హామీ లేదు. రోల్ నంబర్ల వరుస తప్పిన 480 కాగితాలను మళ్లీ సర్దడం ప్రింట్ తీయడం కంటే పెద్ద పని.

మాక్రో, అంటే వర్డ్ చేత వరుసగా పనులు చేయించే చిన్న ప్రోగ్రామ్, రాస్తే వేగం ఎలాగూ వస్తుంది. దాన్ని రాయించే అసలు అవసరం వేరే: ఏ ఫైల్ ప్రింట్‌కు వెళ్లింది, ఏది వెళ్లలేదు, ఏది తేడాగా ఉంది అన్నది కరెంటు పోయి వచ్చాక కూడా తెలియాలి. కింది పద్ధతిని ఆ లెక్క మీదే కట్టాం.

ముందుగా ఫోల్డర్లు, పేర్లు

డి డ్రైవ్‌లో ప్రింట్ అని ఒక ఫోల్డర్ చేసి, దాని లోపల మూడు ఫోల్డర్లు పెట్టండి: ఇన్, డన్, ఫెయిల్. వీటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇవ్వండి. ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నా ఫరవాలేదు, మాక్రోలో రాసే దారి మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. వర్డ్ లోపలి మాక్రో ఎడిటర్ చాలా పాతకాలపు సరుకు, తెలుగు యూనికోడ్‌ను, అంటే ఇప్పటి కంప్యూటర్లు తెలుగు అక్షరాలకు వాడే సంకేత పద్ధతిని, చూపలేదు. అందులో "తిరుపతి" అని టైప్ చేస్తే వరుసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి.

పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ప్రింట్ తీయకండి, ఫైళ్లను ఇన్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. దీనికి కారణం రెండు. పెన్‌డ్రైవ్ ఎక్కువగా ఫ్యాట్32 అనే ఫైళ్లను అమర్చే పద్ధతిలో ఉంటుంది, అక్కడ ఫైళ్లు కాపీ అయిన వరుసలోనే మాక్రోకు అందుతాయి. హార్డ్ డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతిలో ఉంటుంది కాబట్టి పేరు వరుసలో వస్తాయి. రెండోది, ఈ మాక్రో పని అయిన ఫైల్‌ను పక్క ఫోల్డర్‌లోకి జరుపుతుంది. అలా జరిపేది కాపీనే కావాలి, తెచ్చినవాళ్ల అసలు ఫైల్ కాకూడదు.

పేరు వరుస అంటే అంకెల వరుస అనుకోకండి. 1, 2, 3 అని పేర్లు పెడితే కంప్యూటర్ 1, 10, 100, 101 అని పోయి ఎప్పటికో 2 దగ్గరికి వస్తుంది. ఎక్స్‌ప్లోరర్ విండోలో సరైన వరుసే కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు. 001, 002 అని మూడంకెలు పెట్టండి. రోల్ నంబర్లన్నిటికీ ఒకే పొడవుంటే ఈ తంటా ఉండదు.

మాక్రో ఎక్కడ రాయాలి

వర్డ్ తెరిచి ఆల్ట్, ఎఫ్11 నొక్కండి. ఎడమ పక్క జాబితాలో నార్మల్ అన్నదాన్ని ఎంచుకుని, ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ నొక్కండి. నార్మల్‌లో పెట్టిన మాక్రో ఆ కంప్యూటర్‌లో వర్డ్ ఎప్పుడు తెరిచినా అందుబాటులో ఉంటుంది. తర్వాత టూల్స్ మెనూలో రిఫరెన్సెస్ తెరిచి, మైక్రోసాఫ్ట్ స్క్రిప్టింగ్ రన్‌టైమ్ పక్కన టిక్ పెట్టండి. ఈ టిక్ లేకపోతే కింది మాక్రో మొదలే కాదు, యూజర్ డిఫైన్డ్ టైప్ నాట్ డిఫైన్డ్ అని ఆగిపోతుంది.

కోడ్‌ను ఇక్కడ ఫోన్‌లో ఒకరు చెబుతుంటే ఇంకొకరు రాసుకున్నట్టు తెలుగు లిపిలో ఇస్తున్నాం. మీరు ఎడిటర్‌లో ప్రతి మాటనూ ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయండి. లైన్ చివర ఎంటర్ కొట్టగానే ఎడిటర్ తనకు తెలిసిన మాటల మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. ఏదైనా మాట చిన్నక్షరాల్లోనే మిగిలిపోయి, అది మీరు పెట్టుకున్న పేరు కాకపోతే, అక్కడ స్పెల్లింగ్ తప్పిందన్నమాట. చుక్క పెట్టగానే కిందికి దిగే జాబితాలో వెతుక్కుంటే ఆ తప్పు కూడా రాదు.

మొదటి ముక్క ఇది:

ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్
సబ్ బ్యాచ్‌ప్రింట్()
డిమ్ ఎఫ్ఎస్ యాజ్ న్యూ ఫైల్‌సిస్టమ్ఆబ్జెక్ట్
డిమ్ ఎఫ్ యాజ్ స్క్రిప్టింగ్.ఫైల్
డిమ్ ఎల్ఎస్‌టీ యాజ్ న్యూ కలెక్షన్
డిమ్ పీ యాజ్ వేరియంట్
డిమ్ డీ యాజ్ డాక్యుమెంట్
డిమ్ ఎన్ యాజ్ లాంగ్
అప్లికేషన్.డిస్‌ప్లేఅలర్ట్స్ = డబ్ల్యూడీఅలర్ట్స్‌నన్
ఫర్ ఈచ్ ఎఫ్ ఇన్ ఎఫ్ఎస్.గెట్‌ఫోల్డర్("డి:\ప్రింట్\ఇన్").ఫైల్స్
ఇఫ్ ఎల్‌కేస్(ఎఫ్ఎస్.గెట్‌ఎక్స్‌టెన్షన్‌నేమ్(ఎఫ్.నేమ్)) = "డాక్ఎక్స్" అండ్ లెఫ్ట్(ఎఫ్.నేమ్, 1) <> "~" దెన్ ఎల్ఎస్‌టీ.యాడ్ ఎఫ్.పాత్
నెక్స్ట్

ఇంకా ఒక్క ఫైల్ కూడా తెరవలేదు, పేర్ల జాబితా మాత్రమే సిద్ధమైంది. ఫోల్డర్‌ను చదువుతూనే అందులోంచి ఫైళ్లను బయటికి జరిపితే చదివే వరుస చెదిరే ప్రమాదముంది. అందుకే ముందు జాబితా, తర్వాత పని.

ఇలాంటి మాక్రోల్లో చాలామంది డిర్ అనే ఫంక్షన్ వాడతారు. ఇంగ్లీషు పేర్లకు అది చాలు. కానీ "లక్ష్మీదేవి.డాక్ఎక్స్" అని తెలుగులో పేరున్న ఫైల్‌ను డిర్ ప్రశ్నార్థకాలుగా మార్చి ఇస్తుంది, ఆ పేరుతో తెరవబోతే ఫైల్ లేదంటుంది. ఫైల్‌సిస్టమ్ఆబ్జెక్ట్‌కు తెలుగు పేర్లతో ఈ ఇబ్బంది లేదు. తోక గీత, అంటే టిల్డె గుర్తుతో మొదలయ్యే పేర్లను వదిలేయమన్నది ఎందుకంటే, ఎవరైనా ఫైల్ తెరిచి ఉంచితే వర్డ్ ఆ పేరుతో కనిపించని ఒక చిన్న ఫైల్ పక్కనే పెడుతుంది. అది ప్రింట్ చేసేది కాదు.

రెండో ముక్క, అసలు పని. దీన్ని మొదటి ముక్క కిందే కొనసాగించండి:

ఫర్ ఈచ్ పీ ఇన్ ఎల్ఎస్‌టీ
సెట్ డీ = నథింగ్
ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్
సెట్ డీ = డాక్యుమెంట్స్.ఓపెన్(ఫైల్‌నేమ్:=పీ, రీడ్ఓన్లీ:=ట్రూ, యాడ్‌టురీసెంట్‌ఫైల్స్:=ఫాల్స్, పాస్‌వర్డ్‌డాక్యుమెంట్:="ఎక్స్", విజిబుల్:=ఫాల్స్)
ఆన్ ఎర్రర్ గోటు 0
ఇఫ్ డీ ఈజ్ నథింగ్ దెన్
ఎఫ్ఎస్.మూవ్‌ఫైల్ పీ, "డి:\ప్రింట్\ఫెయిల్\"
ఎల్స్ఇఫ్ డీ.కంప్యూట్‌స్టాటిస్టిక్స్(డబ్ల్యూడీస్టాటిస్టిక్‌పేజెస్) <> 1 దెన్
డీ.క్లోజ్ సేవ్‌చేంజెస్:=ఫాల్స్
ఎఫ్ఎస్.మూవ్‌ఫైల్ పీ, "డి:\ప్రింట్\ఫెయిల్\"
ఎల్స్
డీ.ప్రింట్అవుట్ బ్యాక్‌గ్రౌండ్:=ఫాల్స్, ఐటెమ్:=డబ్ల్యూడీప్రింట్‌డాక్యుమెంట్‌కంటెంట్, కాపీస్:=1
డీ.క్లోజ్ సేవ్‌చేంజెస్:=ఫాల్స్
ఎఫ్ఎస్.మూవ్‌ఫైల్ పీ, "డి:\ప్రింట్\డన్\"
ఎన్ = ఎన్ + 1
ఇఫ్ ఎన్ మాడ్ 80 = 0 దెన్ ఎంఎస్‌జీబాక్స్ ఎన్
ఎండ్ ఇఫ్
నెక్స్ట్
అప్లికేషన్.డిస్‌ప్లేఅలర్ట్స్ = డబ్ల్యూడీఅలర్ట్స్ఆల్
ఎంఎస్‌జీబాక్స్ ఎన్
ఎండ్ సబ్

ఒక్కో మాట ఎందుకుందో

బ్యాక్‌గ్రౌండ్ ఫాల్స్ అన్నది ఈ మాక్రోకు ప్రాణం. అది లేకపోతే వర్డ్ ప్రింట్ పనిని వెనకాల పెట్టుకుని వెంటనే తర్వాతి లైన్‌కు పోతుంది. తర్వాతి లైన్ ఫైల్‌ను మూసేయమంటుంది. ప్రింటర్‌కు పూర్తిగా చేరకముందే ఫైల్ మూతపడుతుంది, కొన్ని కాగితాలు అసలు రావు. ఏవి రాలేదో చెప్పేవాడుండడు. మార్జిన్లు ప్రింట్ అయ్యే హద్దు దాటాయంటూ వర్డ్ ప్రతి ఫైల్‌కూ అడ్డుపడే ప్రశ్నను ఆపడానికి కూడా ఈ మాట, పైన పెట్టిన డిస్‌ప్లేఅలర్ట్స్ లైన్, రెండూ కావాలి.

ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అంటే, తప్పు జరిగితే పట్టించుకోకుండా ముందుకు పొమ్మని. దాన్ని మాక్రో మొదట్లో ఒకసారి రాసి వదిలేయడం చాలాచోట్ల కనిపించే అలవాటు. చెడ్డ అలవాటు. ఒక ఫైల్ తెరుచుకోలేదనుకోండి, ప్రింట్ లైన్ కూడా విఫలమవుతుంది, ఎవరికీ చెప్పదు. ఫైల్‌ను డన్‌లోకి జరిపే లైన్ మాత్రం చక్కగా పనిచేస్తుంది. ప్రింట్ కాని ఫైల్ ప్రింట్ అయిన ఫైళ్లలో కూర్చుంటుంది, మర్నాడు పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఒక పిల్ల ఏడుస్తూ నిలబడుతుంది. అందుకే ఆ మాటను తెరిచే ఒక్క లైన్ చుట్టూ కట్టేసి, వెంటనే గోటు 0తో విప్పేశాం. డీ అంటే తెరిచిన ఫైల్‌ను పట్టి ఉంచే పేరు, ముందు దాన్ని నథింగ్, అంటే ఖాళీ, చేయడం కూడా అందుకే.

పాస్‌వర్డ్‌డాక్యుమెంట్ దగ్గర ఉత్తుత్తి పాస్‌వర్డ్ ఎందుకిచ్చామంటే, తాళం లేని ఫైల్ దాన్ని పట్టించుకోకుండా తెరుచుకుంటుంది. తాళమున్న ఫైల్‌కు అది సరిపోదు కాబట్టి, పాస్‌వర్డ్ అడిగే పెట్టె వేసుకుని రాత్రంతా కూర్చోకుండా తప్పు చూపి పక్కకు తప్పుకుంటుంది. ఫెయిల్ ఫోల్డర్‌లో తర్వాత చూసుకోవచ్చు.

ఐటెమ్ దగ్గర ఇచ్చిన మాట ట్రాక్ చేంజెస్ గీతలు, పక్క కామెంట్లు కాగితం మీదికి రాకుండా చూస్తుంది. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు చేతులు పెట్టిన ఫైళ్లలో అవి మిగిలిపోవడం మామూలే.

పేజీల లెక్క చూసే లైన్ తెలుగు ఫైళ్లకు మరీ ముఖ్యం. ఒక కంప్యూటర్‌లో మండలి ఫాంటుతో ఒక పేజీలో సరిపోయిన హాల్‌టికెట్, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వేరే ఫాంటు తొడుక్కుని, లైన్ల ఎత్తు మారి రెండో పేజీకి ఒక్క సంతకం గీతను తోస్తుంది. 480 కాగితాలనుకున్నది 960 అవుతుంది. ఒక రీములో 500 షీట్లే ఉంటాయి. మీ పత్రాలకు రెండు పేజీలుంటే 1 బదులు 2 పెట్టండి. పేజీలు ఫైల్‌కోరకంగా ఉండే పనికి ఆ ఎల్స్ఇఫ్ భాగాన్ని, అంటే దానితో పాటు కింది రెండు లైన్లనూ, తీసేయండి.

అను ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని డీటీపీ తెలుగు ఫాంట్లలో, చేసిన ఫైళ్ల సంగతి వేరు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అక్షరాలు తెలుగుగానే కనిపించవు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి వస్తుంది. పేజీల లెక్క మాత్రం సరిపోవచ్చు కాబట్టి మాక్రో దాన్ని పట్టుకోలేదు. అందుకే ఏ బ్యాచ్ అయినా మొదటి ఫైల్, మధ్యలో ఒకటి, చివరిది, ఈ మూడూ తెరిచి కళ్లతో చూడండి. యూనికోడ్ ఫైళ్లయితే తయారుచేసేవాళ్లను వర్డ్ ఆప్షన్స్‌లో, సేవ్ విభాగంలో, ఫాంట్లను ఫైల్‌లోనే పొదిగే టిక్ పెట్టి పంపమనండి.

80 అంకె ఎక్కడి నుంచి వచ్చింది

చిన్న అంగళ్లలో ఇప్పటికీ తిరుగుతున్న హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి ప్రింటర్‌లో ట్రే 150 షీట్లు పడుతుంది, పైన పడిన కాగితాలకు 100 దాకా చోటుంటుంది. 100 దాటితే కాగితాలు జారి కింద పడతాయి, వరుస పోతుంది. 480ని 80తో భాగిస్తే సరిగ్గా 6 విడతలు. ప్రతి 80కి మాక్రో ఆగి అంకె చూపిస్తుంది. ముందు ప్రింటర్ కూడా ఆగేదాకా ఉండండి. కాగితాలు తీసి, లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి, ట్రే నింపి, అప్పుడు ఓకే నొక్కండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి. డన్ ఫోల్డర్‌లోకి వెళ్లిందంటే ఫైల్ ప్రింటర్ క్యూలోకి, అంటే ప్రింట్ కోసం ఆగి ఉన్న పనుల వరుసలోకి, వెళ్లిందని మాత్రమే అర్థం. కాగితం మీద పడిందని కాదు. పేపర్ ఇరుక్కున్నా, టోనర్ అయిపోయి అక్షరాలు తెల్లబడినా వర్డ్‌కు తెలియదు. ఆ లోటును పూడ్చేది చేత్తో పెట్టే లెక్క ఒక్కటే. 80 వచ్చాయా అని చూడటానికి ఒక నిమిషం పడుతుంది. 480 పడ్డాక ఒకటి తక్కువైతే అది ఏదో వెతకడానికి గంట పడుతుంది.

టోనర్ లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఆ ప్రింటర్‌కు వాడే 12ఏ కార్ట్రిడ్జ్ 2000 పేజీలు ఇస్తుందంటారు, కానీ అది పేజీలో 5 శాతం మాత్రమే నలుపు ఉన్నప్పటి లెక్క. ఫోటో, నల్లటి బోర్డర్, కాలేజీ ముద్ర ఉన్న హాల్‌టికెట్ అంతకంటే ఎక్కువే తాగుతుంది. సగానికి పైగా వాడిన కార్ట్రిడ్జ్‌తో 480 మొదలుపెట్టేటప్పుడు ఇంకోటి పక్కన ఉంచుకోండి.

అసలు కాగితం పెట్టకముందు రిహార్సల్

ప్రింటర్ క్యూ విండో తెరిచి పాజ్ పెట్టండి. మాక్రోను ఆల్ట్, ఎఫ్8తో నడపండి. ఫైళ్లన్నీ క్యూలో చేరి ఆగుతాయి, కాగితం ఖర్చు లేదు. క్యూలో ఎన్ని జాబ్‌లున్నాయో, ఫెయిల్‌లో ఎన్ని పడ్డాయో చూడండి, రెండూ కలిపి 480 కావాలి. తర్వాత క్యూలోని జాబ్‌లన్నిటినీ రద్దు చేసి, ఫైళ్లను డన్ నుంచి తిరిగి ఇన్‌లో పెట్టి, పాజ్ తీసేయండి. జాబ్‌లు రద్దు చేయకుండా పాజ్ తీస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మొదటిసారి ఎడిటర్‌లోనే ఎఫ్8 నొక్కుతూ ఒక్కో లైన్‌నూ నడిపించండి. రెండు మూడు ఫైళ్లు చాలు. ఎక్కడ ఆగిందో పసుపు రంగులో కనిపిస్తుంది. మామూలుగా ఎదురయ్యే తప్పులు ఇవి: పర్మిషన్ డినైడ్, అంటే 70 వస్తే ఫైల్ ఇంకా ఎక్కడో తెరిచి ఉంది. ఫైల్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్, అంటే 58 వస్తే నిన్నటి ఫైల్ అదే పేరుతో డన్‌లో మిగిలింది, ప్రతి పనికీ ముందు డన్ ఖాళీ చేయాలి. పాత్ నాట్ ఫౌండ్, అంటే 76 వస్తే ఫోల్డర్ పేరులో అక్షరం తప్పింది. దారి చివర వెనక్కి వాలిన గీత మరిచిపోవడం ఇంకో తరచు తప్పు. ఆ గీత ఉంటేనే అది ఫోల్డర్ అని మాక్రోకు తెలుస్తుంది.

రెండువైపులా ప్రింట్, వేరే ట్రే

కాగితాన్ని ప్రింటరే తిప్పుకుని రెండువైపులా ప్రింట్ తీయమని వర్డ్ మాక్రోతో నేరుగా చెప్పే దారి లేదు. ఆ సెట్టింగ్ ప్రింటర్ డ్రైవర్ చేతిలో ఉంటుంది. దీనికి తెలిసినవాళ్లు చేసే పని ఒకటుంది: అదే ప్రింటర్‌ను విండోస్‌లో రెండోసారి వేరే పేరుతో ఇన్‌స్టాల్ చేయడం. ఒకదాని ప్రిఫరెన్సెస్‌లో ఒకవైపు, రెండోదానిలో రెండువైపులా అని పెట్టి వదిలేయాలి. మాక్రోలో ప్రింట్అవుట్ కంటే ముందు అప్లికేషన్.యాక్టివ్‌ప్రింటర్ = "ఆ రెండో పేరు" అని రాస్తే చాలు. రంగు కాగితం వేరే ట్రేలో ఉన్నా ఇదే ఉపాయం. ఈ లైన్ విండోస్ డిఫాల్ట్ ప్రింటర్‌నే మార్చేస్తుంది, మాక్రో చివర పాత పేరు తిరిగి పెట్టకపోతే తర్వాత వచ్చినవాళ్ల పీడీఎఫ్ ఎక్కడికో పోతుంది.

చిత్తూరులో కోర్టు పనులు చేసే డీటీపీ సెంటర్లకు కాగితం సైజు దగ్గర ఇంకో చిక్కు. పాత ఫార్మాట్లు లీగల్ సైజులో ఉంటాయి, కొత్తవి ఏ4లో. సుప్రీంకోర్టు 2020లో తన దగ్గర దాఖలయ్యే కాగితాలకు ఏ4, రెండువైపులా ప్రింట్ అని నిర్ణయించాక ఈ కలగలుపు ఇంకా పెరిగింది. ఒకే ఫోల్డర్‌లో రెండు సైజులుంటే లీగల్ ఫైల్ రాగానే ప్రింటర్ లైటు మిణుకుతూ కాగితం కోసం ఆగిపోతుంది, వెనకున్నవన్నీ నిలిచిపోతాయి. సైజును బట్టి రెండు ఫోల్డర్లు చేసి రెండుసార్లు నడపండి. నోటీసుల్లో తేదీ కూడా గమనించండి. డేట్ ఫీల్డ్ పెట్టి ఉంటే, పోయిన నెల తయారుచేసిన నోటీసు మీద ఈరోజు తేదీ పడుతుంది. ఆ ఫీల్డ్ మీద క్లిక్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 కొడితే అది మామూలు అక్షరాలుగా మారిపోతుంది. తేదీ ఒకసారి సరిచూసి సేవ్ చేయాలి.

జిల్లా పేరు మార్చి ప్రింట్ తీయడం

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అయినా చంద్రగిరి, శ్రీకాళహస్తి చిరునామాల కింద "చిత్తూరు జిల్లా" అని ఉన్న పాత ఫార్మాట్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ప్రింట్ తీసే ముందు మాక్రోతోనే మార్చవచ్చు. ఫైల్‌ను రీడ్ఓన్లీగా తెరిచి, మార్చి, ప్రింట్ తీసి, సేవ్ చేయకుండా మూస్తాం కాబట్టి అసలు ఫైల్‌కు ఏమీ కాదు.

ఎడిటర్ తెలుగు తీసుకోదని చెప్పుకున్నాం కదా. దానికి చుట్టుదారి ఇది. వర్డ్‌లో ఒక కొత్త ఫైల్ తెరిచి రెండు గడుల పట్టిక వేయండి. ఎడమ గడిలో "చంద్రగిరి, చిత్తూరు జిల్లా", కుడి గడిలో "చంద్రగిరి, తిరుపతి జిల్లా" అని టైప్ చేయండి. మాక్రో నడిపేటప్పుడు తెరపై ఆ ఫైల్ ఉండాలి. మొదటి ముక్కలో డిమ్ ఏ యాజ్ స్ట్రింగ్, డిమ్ బీ యాజ్ స్ట్రింగ్ అని చేర్చి, వాటి కింద ఈ నాలుగు లైన్లు పెట్టండి:

ఏ = యాక్టివ్‌డాక్యుమెంట్.టేబుల్స్(1).సెల్(1, 1).రేంజ్.టెక్స్ట్
ఏ = లెఫ్ట్(ఏ, లెన్(ఏ) - 2)
బీ = యాక్టివ్‌డాక్యుమెంట్.టేబుల్స్(1).సెల్(1, 2).రేంజ్.టెక్స్ట్
బీ = లెఫ్ట్(బీ, లెన్(బీ) - 2)

గడిలోని మాట చివర కంటికి కనిపించని రెండు గుర్తులుంటాయి, వాటిని కోయడానికే ఆ మైనస్ 2. కోయకపోతే వెతుకులాటలో ఏదీ దొరకదు. తర్వాత ప్రింట్అవుట్ లైన్‌కు ముందు ఇది రాయండి:

డీ.కంటెంట్.ఫైండ్.ఎగ్జిక్యూట్ ఫైండ్‌టెక్స్ట్:=ఏ, రీప్లేస్‌విత్:=బీ, రీప్లేస్:=డబ్ల్యూడీరీప్లేస్ఆల్

కంటెంట్ అంటే పేజీ నడుమ ఉండే పాఠం మాత్రమే. లెటర్‌హెడ్‌ను హెడర్‌లో పెట్టి ఉంటే అది మారదు. దానికి డీ.సెక్షన్స్(1).హెడర్స్(డబ్ల్యూడీహెడర్‌ఫుటర్‌ప్రైమరీ).రేంజ్ మీద ఇదే ఫైండ్‌ను ఇంకోసారి నడపాలి. ఊరి పేరుతో కలిపి వెతకడం ఎందుకంటే, ఉత్త "చిత్తూరు జిల్లా" అని మార్చేస్తే పలమనేరు, కుప్పం వాళ్లు కూడా తిరుపతి జిల్లాకు వచ్చేస్తారు. ఇంకోటి, 2022 ఏప్రిల్ కంటే ముందు ఇచ్చిన పత్రాల నకళ్లలో జిల్లా పేరు మార్చకూడదు. ఆనాటికి అదే సరైన పేరు. అను ఫాంటు ఫైళ్లలో ఈ వెతుకులాట పనిచేయదు, అక్కడ లోపల ఉన్నవి తెలుగు అక్షరాలే కావు.

మెయిల్ మెర్జ్ ఉంటే ఇదంతా ఎందుకు

విద్యార్థుల వివరాలు ఎక్సెల్‌లో ఉండి, ఫార్మాట్ ఒకటే అయితే, ఆ వివరాలను వర్డే ఫార్మాట్‌లో నింపి ఇచ్చే మెయిల్ మెర్జే మేలు. ఫినిష్ అండ్ మెర్జ్‌లో ప్రింట్ డాక్యుమెంట్స్ నొక్కి 1 నుంచి 80, 81 నుంచి 160 అని ఇస్తే విడతలు కూడా వచ్చేస్తాయి. ఫైళ్లు విడివిడిగా చేతికి వచ్చినప్పుడో, ఒక్కో పత్రం ఒక్కో రకంగా ఉన్నప్పుడో మాక్రో. మెర్జ్‌తో కొత్త డాక్యుమెంట్ చేసుకుంటే ఒక్కో విద్యార్థి ఒక్కో సెక్షన్ అవుతాడు. అందులో 37వ విద్యార్థిది మాత్రమే చెడితే, ప్రింట్ పెట్టెలో పేజెస్ దగ్గర ఎస్ అక్షరం, పక్కనే 37 కొడితే ఆ ఒక్కటే వస్తుంది. మెర్జ్ మూల ఫైల్‌ను మాత్రం ఇన్ ఫోల్డర్‌లో పెట్టకండి, అది తెరుచుకునేటప్పుడు ఎక్సెల్‌తో కలపనా అని అడిగే రకం.

కరెంటు, వాన, పెన్‌డ్రైవ్

కరెంటు పోతే కంప్యూటర్‌ను యూపీఎస్ కాపాడుతుంది. లేజర్ ప్రింటర్‌ను మాత్రం ఆ చిన్న యూపీఎస్‌కు తగిలించకండి, లోపలి ఫ్యూజర్, అంటే టోనర్‌ను వేడితో కాగితానికి అంటించే భాగం, వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు అది తట్టుకోదు. కరెంటు వచ్చాక మాక్రోను మళ్లీ మొదటి నుంచి నడపండి. ఇన్‌లో మిగిలినవే తీసుకుంటుంది, డన్‌లోకి పోయినవాటి జోలికి రాదు. చేతిలోని చివరి కాగితం నంబరు చూసి, దాని తర్వాతివి డన్‌లో ఉంటే అవి క్యూలో చిక్కుకున్నట్టు. క్యూ తిరిగి కదిలి అవి పడితే సరే, లేకపోతే వాటిని ఇన్‌లోకి వెనక్కి తెచ్చుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో తిరుపతి వైపు కాగితం తేమ పట్టి వంకర తిరుగుతుంది, రెండు షీట్లు కలిసి లోపలికి పోతాయి. రీము కవరు విప్పి రాత్రంతా వదిలేయకండి, ఆ విడతకు కావలసినంతే తీసి మిగతాది కవరులోనే మడిచి పెట్టండి. ట్రేలో పెట్టేముందు కట్టను ఒకసారి విసనకర్రలా విప్పి సర్దండి.

తెచ్చినవాళ్లు పాత డాక్ ఫైళ్లు ఇస్తే, ఎక్స్‌టెన్షన్ చూసే లైన్‌లో దాన్నీ చేర్చాల్సి వస్తుంది. అప్పుడు డిస్‌ప్లేఅలర్ట్స్ పక్కన అప్లికేషన్.ఆటోమేషన్‌సెక్యూరిటీ = 3 అని తప్పకుండా రాయండి. పాత డాక్ ఫైళ్లలో మాక్రో వైరస్‌లు దాగి ఉండవచ్చు, పైగా మాక్రో ద్వారా తెరిచే ఫైళ్లలోని మాక్రోలను వర్డ్ అడ్డు చెప్పకుండా నడపనిస్తుంది. ఈ లైన్ ఆ తలుపు మూస్తుంది. పని అయ్యాక వర్డ్ మూసి తెరిస్తే సెట్టింగ్ మామూలుకు వస్తుంది.

క్యూ మొత్తం బిగుసుకుపోయి, రద్దు చేసినా జాబ్ పోకపోతే విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను, అంటే ఆ క్యూను నడిపే విండోస్ భాగాన్ని, ఆపండి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లో ఉన్నవి తుడిచి, స్పూలర్‌ను తిరిగి మొదలుపెట్టండి. తుడిచేముందు క్యూలో కనిపిస్తున్న ఫైళ్ల పేర్లను ఒక ఫోటో తీసుకోండి. ఇన్‌లోకి వెనక్కి తేవలసిన ఫైళ్లు అవే.